డాంబర్ కింది మట్టి

పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా హైదరాబాదు శివార్లలోని సాగర్ రోడ్డు కాలేజీ బస్సులది. ఎల్బీనగర్, తుర్కయంజాల్ మీదుగా వచ్చి, బొంగుళూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు దాటి, ఒక్కో బస్సు ఒక్కో గేటులోకి తిరుగుతుంది. మంగళ్‌పల్లిలో సీవీఆర్, భారత్ కాలేజీలు, శేరిగూడలో శ్రీ ఇందు, ఇబ్రహీంపట్నం దాటాక గురునానక్. ఆ బస్సుల్లో సివిల్ ఇంజనీరింగు చదివే పిల్లలూ ఉంటారు. మునుపటంత మంది లేరు, ఎక్కువ మంది కంప్యూటర్ సైన్సు వైపు వెళ్లిపోయారు. అయినా ఉన్నారు. నాలుగేళ్లపాటు రోజుకు రెండుసార్లు వాళ్లు ఈ రోడ్డు మీదే తిరుగుతారు. రోడ్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటారు, కొత్త పదార్థాల మీద ప్రాజెక్టులు చేస్తారు, పరీక్షలు రాస్తారు. కానీ తమ బస్సు చక్రం కింద, నల్లటి డాంబర్ పొర కింద ఏముందో ఒక్కసారైనా తవ్వి చూసినవాళ్లు ఎంతమంది? నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న ఇది. జవాబు వెతకాలంటే ముందు రోడ్డు అంటే ఏమిటో నిదానంగా చెప్పుకోవాలి.

మనకు కనిపించేది రోడ్డులో పై పొర మాత్రమే. మామూలు బీటీ రోడ్డు నాలుగైదు పొరల కట్టడం. అన్నింటికన్నా అడుగున మట్టి. దాన్ని సబ్‌గ్రేడ్ అంటారు. పెద్ద రోడ్లకు పైన ఉండే 500 మిల్లీమీటర్ల మట్టిని ప్రత్యేకంగా ఎంచి, తడిపి, తొక్కించి తయారుచేస్తారు. దాని మీద నీటిని బయటికి పంపే మొరం, కంకర పొర. ఆపైన తగినంత తడితో కలిపి పరిచే వెట్ మిక్స్ కంకర. దాని మీద డాంబర్ కలిసిన రెండు పొరలు, కింద మందపాటిది, పైన నున్నటిది. పై నుంచి వచ్చే లారీ బరువు ఒక్కో పొర దాటే కొద్దీ వెడల్పుగా పరుచుకుంటుంది. మట్టిని చేరేసరికి ఆ బరువు మట్టి ఓర్చుకోగలిగినంతకు తగ్గిపోవాలి. రోడ్డు డిజైన్ అంటే ఈ లెక్కే. పై పొరలు ఎంత మందం ఉండాలో చెప్పేది అడుగున ఉన్న మట్టి.

ఈ సంగతి ఇబ్రహీంపట్నం వాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఊరి పెద్ద చెరువు కుతుబ్‌షాహీల నాటిది. ఊరి పేరే ఇబ్రహీం కుతుబ్‌షాను గుర్తుచేస్తుంది. చెరువు కట్ట అన్నది మట్టిని పొరలుగా పోసి, తడిపి, తొక్కించి నిలబెట్టిన పని. కట్ట నీటిని లోపల ఆపాలి, రోడ్డు నీటిని తనలోకి రానీయకూడదు. పని వేరు, మట్టి గుణం ఒకటే. ఈ రెంటికీ ఉన్న చుట్టరికం ఆధునిక శాస్త్రంలోనూ కనబడుతుంది. మట్టిని ఎంత తడితో తొక్కిస్తే ఎక్కువ గట్టిపడుతుందో తేల్చే పరీక్షను 1933లో ప్రకటించిన ప్రాక్టర్ అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో మట్టి డ్యాములు కట్టిన ఇంజనీరు. కట్టల కోసం పుట్టిన పరీక్షే రోడ్లకు వచ్చింది.

ఆ పరీక్ష చెప్పేది జొన్నరొట్టె చేసే ప్రతి తల్లికీ తెలుసు. పిండిలో నీళ్లు తక్కువైతే ముద్ద కట్టదు, అంచులు పగులుతాయి. ఎక్కువైతే చేతికి అంటుకుంటుంది. మధ్యలో ఒక పాకం ఉంటుంది, అక్కడే రొట్టె సాగుతుంది. మట్టికీ అలాంటి పాకం ఉంది. ఆ తేమ దగ్గర రోలరు తిప్పితే మట్టి రేణువుల మధ్య గాలి బయటికి పోయి, పొర బిగుస్తుంది. తేమ తక్కువగా ఉన్న మట్టి మీద రోలరు పదిసార్లు తిరిగినా పైకి గట్టిగా కనిపిస్తుందే గానీ లోపల ఖాళీలు మిగిలిపోతాయి. మొదటి వానకు నీళ్లు ఆ ఖాళీల్లోకి దిగుతాయి. జూన్‌లో బాగున్న రోడ్డు సెప్టెంబరుకు గుంతలు పడటానికి కారణం చాలాసార్లు మనం తిట్టుకునే డాంబర్‌లో ఉండదు, దానికి రెండడుగుల కింద ఉంటుంది.

మట్టి బలాన్ని అంకెలో చెప్పే పరీక్ష ఇంకొకటి ఉంది. దాన్ని సీబీఆర్ అంటారు. కాలిఫోర్నియా రహదారుల విభాగంలో పోర్టర్ అనే ఇంజనీరు 1929 ప్రాంతంలో తయారుచేసింది. తొక్కించిన మట్టిని ఇనుప అచ్చులో పెట్టి నాలుగు రోజులు, అంటే 96 గంటలు, నీళ్లలో నానబెడతారు. తర్వాత 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఇనుప కడ్డీని నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల వేగంతో దాంట్లోకి దింపుతారు. రెండున్నర మిల్లీమీటర్లు దిగడానికి ఎంత బరువు కావలసి వచ్చిందో చూస్తారు. మంచి పగలగొట్టిన రాయికైతే అది 1370 కిలోలు. మన మట్టికి అందులో ఎంత శాతం పట్టిందో అదే దాని సీబీఆర్. నల్లరేగడికి నానిన తర్వాత రెండు, మూడు శాతం కూడా కష్టం. మంచి మొరానికి పది దాటవచ్చు. వాహనాల రద్దీ ఉన్న రోడ్లకు ఐదు శాతం కన్నా తక్కువ ఉన్న సబ్‌గ్రేడ్ మీద పొరలు వేయకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కోడ్ చెబుతుంది.

ఆ నాలుగు రోజుల నానబెట్టడంలో గొప్ప జ్ఞానం ఉందని నా నమ్మకం. మట్టి ఎండలో ఎంత గట్టిగా ఉందన్నది లెక్కలోకి రాదు. వానాకాలంలో, అన్నింటికన్నా చెడ్డ రోజున అది ఎలా ఉంటుందన్నదే లెక్క. కానీ పరీక్ష త్వరగా ముగించాలన్న తొందరలో మొదట కోత పడేది ఆ నాలుగు రోజులకే. నానబెట్టకుండా తీసిన అంకెకు నానబెట్టిన అంకె అని పేరు పెట్టి రాసుకుంటే కాగితం మీద తేడా కనబడదు. వానే ఆ తేడా చూపిస్తుంది.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతి. మన దేశంలో డాంబర్ రోడ్ల మందాన్ని లెక్కించడానికి ఎక్కువగా వాడేది ఐఐటీపేవ్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 37వ నంబరు కోడ్ కోసం ఖరగ్‌పూర్ ఐఐటీలో దీన్ని తయారుచేశారు. 2012 నాటి కోడ్ నుంచి వాడుకలో ఉంది, 2018లో కోడ్‌ను సవరించారు. ఈ పనిలో పాలుపంచుకున్న వాళ్లలో అక్కడి ఆచార్యుడు కె. సుధాకర్ రెడ్డి ఒకరు. సాఫ్ట్‌వేర్ చేసే పని సూటిగానే ఉంటుంది. ప్రతి పొర మందం, ఆ పొర బిరుసుదనం, చక్రం బరువు ఇస్తే, రోడ్డు లోపల ఎక్కడ ఎంత సాగుతుందో, ఎంత నలుగుతుందో చెబుతుంది. అందులో రెండు చోట్లు ముఖ్యం. డాంబర్ పొర అడుగున సాగుడు ఎక్కువైతే కింది నుంచి పగుళ్లు మొదలై పైకి వస్తాయి. మట్టి పైభాగాన నలుగుడు ఎక్కువైతే చక్రాల జాడల్లో గాడులు పడతాయి. గాడి 20 మిల్లీమీటర్లు దాటితే, లేదా పగుళ్లు 20 శాతం వైశాల్యానికి చేరితే, ఆ రోడ్డు ఆయుష్షు తీరినట్టే లెక్క.

ఈ లెక్కలో మట్టి ఎక్కడ వస్తుందో చూడండి. మట్టి బిరుసుదనాన్ని సాఫ్ట్‌వేర్‌కు మనమే ఇవ్వాలి. దాన్ని సీబీఆర్ నుంచి తీస్తారు. సీబీఆర్ ఐదైతే బిరుసుదనం 50 మెగాపాస్కల్స్, పదైతే దాదాపు 77, రెండైతే 20. ఎవరో ఒక కుర్రవాడు ల్యాబులో మట్టిని సరిగ్గా నానబెట్టక నాలుగు రావలసిన చోట ఎనిమిది రాశాడనుకోండి. సాఫ్ట్‌వేర్ ఎదురు ప్రశ్న వేయదు. ఎనిమిదికి తగ్గ మందం చూపిస్తుంది. తెర మీద రంగుల బొమ్మ చక్కగానే వస్తుంది.

ఈ తప్పుకు మూల్యం ఎంతో కూడా ఆ కోడ్‌లోని సూత్రమే చెబుతుంది. మట్టి మీద పడే నలుగుడుకూ రోడ్డు ఆయుష్షుకూ ఉన్న సంబంధం సరళరేఖలో లేదు. నలుగుడు పెరిగితే ఆయుష్షు దానికి దాదాపు నాలుగున్నర ఘాతంలో పడిపోతుంది. మామూలు మాటల్లో, నలుగుడు 20 శాతం పెరిగితే ఆయుష్షు సగం కూడా మిగలదు, 44 శాతానికి పడిపోతుంది. పదిహేనేళ్లు ఉండాల్సిన రోడ్డు ఏడేళ్లు దాటదు. ఇంత సున్నితమైన లెక్కకు ఆధారం ఒక ఇనుప అచ్చులో నానిన గుప్పెడు మట్టి. అందుకే సాఫ్ట్‌వేర్ శిక్షణ అని బోర్డు కనబడినప్పుడల్లా, పక్కనే మట్టి పరీక్షకు శిక్షణ ఎక్కడ అని అడగాలనిపిస్తుంది.

బరువు సంగతీ ఇలాంటిదే. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒటావా దగ్గర 1958 నుంచి 1960 దాకా రకరకాల మందాల రోడ్లు వేసి, సైనికుల చేత లారీలను రాత్రింబవళ్లు తిప్పించారు. ఆ పరీక్షలో తేలిన నియమం ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. మన డిజైన్లు 80 కిలోన్యూటన్ల ఇరుసును, అంటే సుమారు 8.16 టన్నులను, ఒక యూనిట్‌గా తీసుకుంటాయి. మన దేశంలో నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు చట్టం 10.2 టన్నులు అనుమతించేది, 2018 జులైలో దాన్ని 11.5 టన్నులకు పెంచారు. నాలుగో ఘాతం లెక్కలో పాత పరిమితితో నష్టం రెండున్నర రెట్లకు దగ్గర, కొత్త పరిమితితో నాలుగు రెట్లకు దగ్గర. చట్టం ఒప్పుకున్న బరువే ఇంత చేస్తే, దాన్ని కూడా మించి నింపిన కంకర టిప్పర్ ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు. క్రషర్ల నుంచి నగరానికి టిప్పర్లు తిరిగే రోడ్లు ముందు పాడవడంలో ఆశ్చర్యం లేదు. అక్కడ తిరిగే బండ్లను నిజంగా తూచి, ఆ బరువును డిజైన్‌లో వాడాలి. దీనికి కోడ్‌లోనే పద్ధతి ఉంది. వాహనాలను లెక్కపెట్టి, ఇరుసులను తూచి, సగటు నష్టాన్ని తేల్చాలి. పుస్తకంలోని పట్టిక అంకెను ఎత్తి రాయడం సులువు గనుక చాలామంది అక్కడికే ఆగుతారు.

ఇక రాయి. హైదరాబాదు చుట్టుపక్కల ఎటు చూసినా గ్రానైటే, రెండున్నర వందల కోట్ల ఏళ్ల నాటి రాయి. గట్టితనంలో దానికి వంక పెట్టలేం. కానీ డాంబర్‌తో దాని పొత్తు అంత బలమైంది కాదు. గ్రానైట్‌లో సిలికా ఎక్కువ. సిలికా ఉపరితలానికి డాంబర్ కన్నా నీరంటేనే ఎక్కువ ఇష్టం. వేడిలో కలిపినప్పుడు డాంబర్ రాయికి అంటుకుంటుంది. తర్వాత సన్నని పగుళ్లలోంచి నీరు లోపలికి దిగితే, అది మెల్లగా రాయికీ డాంబర్‌కూ మధ్య దూరుతుంది. డాంబర్ పొర రాయిని వదిలేస్తుంది. వాన వెలిసిన మర్నాడు రోడ్డు పక్కన నల్లటి పొడి, తెల్లగా బయటపడిన కంకర ముక్కలు కనిపించేది అందుకే. సున్నపురాయికి ఈ బాధ తక్కువ.

దీనికి మందు పాతదే, చవకైనదే. మిశ్రమంలో రెండు శాతం దాకా తడి సున్నం పొడి కలిపితే అందులోని కాల్షియం రాయినీ డాంబర్‌నూ పట్టి ఉంచుతుంది. ఇంకా కొత్తగా వచ్చిన ద్రవ రసాయనాలూ ఉన్నాయి. ముందుగా చేయాల్సిన పరీక్ష కూడా చిన్నదే. డాంబర్ పట్టించిన కంకరను 40 డిగ్రీల నీళ్లలో 24 గంటలు ఉంచి, ఎంత పూత మిగిలిందో కంటితో చూడాలి. 95 శాతం నిలవాలి. ఒక గాజు పాత్ర, ఒక వేడినీళ్ల తొట్టి, ఒక రోజు సమయం చాలు. ఈ ప్రాంతంలో ప్రతి కొత్త క్వారీ రాయికీ ఈ పరీక్ష జరిగితే ఎన్ని గుంతలు పుట్టకుండా ఆగేవో అనిపిస్తుంది. పదార్థాల పరిశోధన అనగానే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులే గుర్తుకు రానక్కర్లేదు. మన ఊరి రాయికి మన డాంబర్ అంటుకుంటుందా అన్నది కూడా పరిశోధనే. పైగా ఆ జవాబు వేరే ఊళ్లో దొరకదు.

డాంబర్ గురించీ ఒక మాట. మనం వాడే రకాలను 2006 నుంచి చిక్కదనం ఆధారంగా వీజీ-10, వీజీ-30, వీజీ-40 అని పిలుస్తున్నాం. అంతకు ముందు సూది ఎంత దిగుతుందన్న పరీక్షతో వర్గీకరించేవారు. ఆ సూది పరీక్ష 25 డిగ్రీల దగ్గర చేసేది. ఏప్రిల్, మే నెలల్లో మన రోడ్డు పైభాగం 60 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిలో డాంబర్ ఎలా ఉంటుందో సూది చెప్పలేదు. కొత్త పద్ధతి ఆ 60 డిగ్రీల దగ్గరే కొలుస్తుంది, మన ఎండకు తగిన మార్పు అది. వీజీ-30తో చేసిన మిశ్రమాన్ని పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీలు ఉండాలి, రోలింగు 90 డిగ్రీలకు పడిపోకముందే పూర్తి కావాలి. ప్లాంటు దూరమై, మధ్యలో ట్రాఫిక్‌లో లారీ ఆగిపోతే మిశ్రమం చల్లారిపోతుంది. అప్పుడు రోలరు ఎంత తిప్పినా బిగవదు. తక్కువ వేడితోనే పని జరిగే వార్మ్ మిక్స్ పద్ధతులు మన నగరాలకు బాగా అక్కరకు రావడానికి కారణం ఇదే. పొగ తగ్గుతుంది, ఇంధనం తగ్గుతుంది, రోలింగుకు సమయం దొరుకుతుంది. రోడ్డు మీద దీన్నంతా కాపాడేది జేబులో పెట్టుకునే ఒక థర్మామీటరు. అది ఉందా, దాన్ని చదివి లారీని వెనక్కి పంపే అధికారం ఆ పని చూసే కుర్ర ఇంజనీరుకు ఉందా అన్నదే అసలు సంగతి.

కొత్త పదార్థాల్లో అందరికీ తెలిసింది ప్లాస్టిక్ రోడ్డు. మదురైలోని త్యాగరాజర్ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పిన ఆచార్యుడు ఆర్. వాసుదేవన్ ఆలోచన అది. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. పద్ధతి సులువు. సన్నగా తురిమిన ప్లాస్టిక్ సంచులను వేడి కంకర మీద చల్లితే కరిగి పూతగా అంటుకుంటాయి. ఆ తర్వాత డాంబర్ పోస్తారు. పూత ఉన్న రాయిని నీరు అంత తేలిగ్గా పట్టలేదు. మన గ్రానైట్‌కు ఇది కలిసివచ్చే గుణం. 5 లక్షలకు మించి జనాభా ఉన్న నగరాల చుట్టూ 50 కిలోమీటర్ల లోపు జాతీయ రహదారులకు వ్యర్థ ప్లాస్టిక్ వాడాలని కేంద్రం 2015 నవంబరులో ఆదేశాలు ఇచ్చింది. ఇబ్రహీంపట్నం హైదరాబాదుకు ఆ దూరం లోపలే ఉంది. జాతీయ రహదారులకు చెప్పిన మాట రాష్ట్ర రోడ్లకూ వర్తింపజేస్తే నగరం చెత్తకు ఒక దారి దొరుకుతుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. పీవీసీ కలిసిన ప్లాస్టిక్‌ను వేడి చేస్తే విషవాయువులు వస్తాయి. వేరుచేయడం అన్న మొదటి మెట్టు దాటకుండా రెండో మెట్టు ఎక్కకూడదు.

కొబ్బరి పీచు వలలు నాకు ఇంకా నచ్చిన ఉదాహరణ. మెత్తటి మట్టి మీద పీచు వల పరిచి పైన కంకర వేస్తే, కంకర మట్టిలోకి దిగబడదు, మట్టి కంకరలోకి ఎగబాకదు. కొన్నేళ్లకు పీచు కుళ్లిపోతుంది, అప్పటికి మట్టి బిగిసిపోయి ఉంటుంది. 2020లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడో దశలో ఏడు రాష్ట్రాల్లో 1,674 కిలోమీటర్ల రోడ్లకు ఈ వలలు వాడాలని నిర్ణయించారు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 164, తెలంగాణది 121 కిలోమీటర్లు. కోనసీమ పీచు రంగారెడ్డి మట్టిని కాపాడితే నాకు తృప్తి.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. మనం వాడే డాంబర్‌లో సగం దాకా దిగుమతే. ఆ భారం తగ్గించడానికి మొక్కల్లోని లిగ్నిన్ కలిపిన జీవ డాంబర్‌ను 2024 డిసెంబరులో నాగపూర్–మన్సర్ దగ్గర 44వ జాతీయ రహదారి మీద వేశారు. మన ఆదిలాబాద్, నిజామాబాద్ మీదుగా హైదరాబాదుకు వచ్చే రోడ్డు అదే. సూరత్ దగ్గర హజీరాలో కేంద్ర రహదారి పరిశోధన సంస్థ 2022లో ఉక్కు తయారీలో మిగిలే స్లాగ్‌తో రోడ్డు వేయించింది. విశాఖ ఉక్కు కర్మాగారంలోనూ స్లాగ్ పుడుతుంది. దాంట్లో మిగిలిన సున్నం తడికి ఉబ్బకుండా ముందే మాగబెట్టాలి. పాత రోడ్డును చెక్కి తీసిన మిశ్రమాన్ని మళ్లీ వాడటం ఇంకో మార్గం. సిరీష్ సారిదే బృందం హైదరాబాద్ ఐఐటీలో పాత మిశ్రమం మీదా, రోడ్డు పొరలను బిగించే జియోసెల్స్ మీదా పనిచేస్తోంది.

నల్లరేగడి మాత్రం తొందరగా వదిలే విషయం కాదు. రేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. ఆ నేల మీద వేసిన రోడ్డు అలల్లా లేస్తుంది. సున్నం కలిపితే ఆ ఉబ్బు తగ్గుతుంది, ఇది లోకానికంతా తెలిసిన వైద్యం. అమెరికాలోని టెక్సస్‌లోనూ ఇలాంటి నల్ల బంకమన్నే. అక్కడ ఈ నేలల మీద దశాబ్దాలుగా పరిశోధన చేస్తున్న ఆనంద్ పుప్పాల ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగువాడు. అక్కడి అనుభవం ఒక హెచ్చరిక కూడా ఇచ్చింది. మట్టిలో సల్ఫేట్ లవణాలు ఉంటే సున్నం వాటితో కలిసి కొత్త స్ఫటికాలు పుట్టిస్తుంది, అవి ఉబ్బి రోడ్డును పైకి లేపుతాయి. మందే రోగమవుతుంది. అందుకే సున్నం కలిపే ముందు మట్టిలో సల్ఫేట్ ఎంతుందో చూడాలి. ఇదీ ఒక చిన్న ల్యాబు పరీక్షే.

వేసిన రోడ్డును కనిపెట్టుకుని ఉండటానికీ ఇప్పుడు కొత్త సాధనాలు వచ్చాయి. లేజర్లు, కెమెరాలు బిగించిన వాహనం రోడ్డు మీద వెళ్తూనే గాడులు, పగుళ్లు, గతుకులు కొలుస్తుంది. బరువును పైనుంచి వదిలి రోడ్డు ఎంత వంగిందో చూసే యంత్రం లోపలి పొరల బలం చెబుతుంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ వాళ్లు హైదరాబాదు, బెంగళూరు పరిసరాల్లో కారు నడిపి తీసిన దృశ్యాల నుంచి పదివేల చిత్రాలను ఎంచి, ప్రతి వస్తువునూ గుర్తుపెట్టి, భారత రోడ్ల డేటాసెట్ తయారుచేశారు. ఆటోలు, పశువులు అందులో ప్రత్యేక వర్గాలు. ఇంకో వర్గం నన్ను ఆకట్టుకుంది. రోడ్డు కాదు గానీ అవసరమైతే బండి దిగగలిగిన మట్టి అంచు. విదేశీ చిత్రాలతో నేర్చుకున్న యంత్రానికి మన రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. మన రోడ్డును మనమే కొలిచి యంత్రానికి చెప్పాలి. సీబీఆర్ విషయంలో ఏమన్నానో ఇక్కడా అదే.

శిక్షణ మాటకు వస్తాను. 1927లో వేసిన జయకర్ కమిటీ ఆలోచన చెప్పగా 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, 1952లో ఢిల్లీలో కేంద్ర రహదారి పరిశోధన సంస్థ వచ్చాయి. రహదారి ఇంజనీర్ల శిక్షణకు 1983లో మొదలైన సంస్థ ఇప్పుడు నోయిడాలో అకాడమీగా ఉంది. మన దగ్గర గచ్చిబౌలిలోని ఇంజనీరింగ్ స్టాఫ్ కాలేజీ 1981 నుంచి, నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ 1998 నుంచి పనిచేస్తున్నాయి. రెండోదాని గొప్పతనం ఇంజనీరుకే కాక మేస్త్రీకి, కూలీకి కూడా శిక్షణ ఇవ్వడం. రోడ్డు విషయంలో అదే కావాలి. డిజైన్ చేసేవాడికి ఐఐటీపేవ్ వస్తుంది. మరి రోలరు నడిపే డ్రైవరుకు ఏ వేగంలో, ఎన్నిసార్లు, ఏ అంచు నుంచి మొదలుపెట్టాలో ఎవరు నేర్పారు? కంపనాన్ని కొలిచి ఎక్కడ బిగిసిందో, ఎక్కడ బిగవలేదో తెర మీద చూపించే తెలివైన రోలర్లు వస్తున్నాయి. ఆ తెర ముందు కూర్చునేది కూడా ఆ డ్రైవరే. శిక్షణ బడ్జెట్‌లో మొదటి రూపాయి అతనికి, రెండోది ల్యాబు సహాయకుడికి పోవాలన్నది నా మాట.

ఇంకా తేలికైన పాఠం ఒకటుంది, దానికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. డాంబర్ రోడ్డుకు మధ్య నుంచి అంచుకు మీటరుకు 2 నుంచి 2.5 సెంటీమీటర్ల వాలు ఉండాలి. నీరు నిలవకుండా పక్క కాలువలోకి పోవాలి. ఊళ్లలో అంచుల మీద మట్టి పేరుకుని రోడ్డు కన్నా ఎత్తవుతుంది, ఇళ్ల ముందు ర్యాంపులు కాలువను మూసేస్తాయి, నీళ్లు రోడ్డు మీదే నిలిచి లోపలికి ఇంకుతాయి. చెరువుకు అలుగు ఎందుకు పెట్టారో మన పెద్దలకు తెలుసు. రోడ్డుకూ నీరు పోయే దారి ఉండాలి.

రావిర్యాల నుంచి ఆమనగల్లు దాకా 41.5 కిలోమీటర్ల కొత్త గ్రీన్‌ఫీల్డ్ రోడ్డును ప్రభుత్వం తలపెట్టింది. ఈ కాలేజీలకు కొద్ది దూరంలో కోట్ల రూపాయల మట్టిపని అది. ఇంతకన్నా మంచి తరగతి గది ఎక్కడ దొరుకుతుంది? సాగర్ రోడ్డు పొడవునా ఉన్న సివిల్ విభాగాల అధిపతులకు నా విన్నపం ఇది. ఒక్కో కాలేజీ తన గేటు ముందున్న రెండు కిలోమీటర్లు తీసుకోండి. రోడ్లు భవనాల శాఖ అనుమతితో ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా, అంచున గుంత తీసి మట్టి తేమ, సీబీఆర్ చూడండి. గాడుల లోతు కొలవండి. కంకరకు డాంబర్ ఎంత పట్టుకుందో పరీక్షించండి. వాటిని ఒక రిజిస్టరులో, అందరూ చూసేలా, పదేళ్లు రాయండి. ఆ అంకెలతో ఐఐటీపేవ్ నడిపి, అది చెప్పిన ఆయుష్షు నిజమైందో కాదో మీరే తేల్చండి. రేపు బస్సు దిగే పిల్లల చేతికి ముందుగా ఒక గడ్డపార, ఒక ఇనుప అచ్చు ఇవ్వండి.